నాస్‌కి ఎస్‌ఎస్‌డీ క్యాషా, 2.5 గిగాబిట్ స్విచ్చా?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది పెళ్లి ఫోటోల స్టూడియో. నాలుగు హార్డ్ డిస్కుల నాస్ (ఆఫీసులో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే ఫైళ్ల పెట్టె) ఒకటి, దాని మీద అయిదు సిస్టమ్‌లు. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే చాలు, ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి నడిచేది, అందరికీ టెన్షన్.

తెలిసినవాళ్లు ఎస్‌ఎస్‌డీ క్యాష్ (తరచూ వాడే ఫైళ్లని వేగమైన ఎస్‌ఎస్‌డీలో దగ్గర పెట్టుకునే ఏర్పాటు) పెట్టమంటే ముందు అదే పెట్టాం. ఆల్బమ్ ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు టకటకా వచ్చేస్తున్నాయి, కాదనను. కానీ 60 జీబీ వీడియో కాపీ పెడితే ఎప్పట్లాగే సెకనుకు 110 ఎంబీ, తొమ్మిది నిమిషాలు. పదేపదే తెరిచే చిన్న ఫైళ్లకి క్యాష్ బాగుంటుంది గానీ, 1 గిగాబిట్ లైనులో సెకనుకు 125 ఎంబీకి మించి దూరదు కదా, లోపల ఎంత ఖరీదైన డిస్కు పెడితే మాత్రం ఏం లాభం!

తర్వాత నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌ని 2.5 గిగాబిట్‌ది మార్చి, ఎడిటింగ్ సిస్టమ్‌లు రెండింటికి 2.5 గిగాబిట్ కార్డులు వేశాం. నాస్ వెనక ఆ పోర్టు మొదటినుంచీ ఉంది, మేమే చూసుకోలేదు. గోడల్లోని పాత క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా ఈ వేగాన్ని మోస్తుంది, కాబట్టి గోడ తవ్వే పని పడలేదు. అదే ఫైలు ఇప్పుడు నాలుగు నిమిషాల్లోపే.

అకౌంట్లు, చిన్న చిన్న ఫైళ్ల ఆఫీసైతే క్యాషే నయం. రైట్ క్యాష్ (కొత్తగా రాసే ఫైళ్లు కూడా ముందు ఎస్‌ఎస్‌డీలోకే వెళ్లేది) పెడితే మాత్రం ఎస్‌ఎస్‌డీలు రెండు మిర్రర్‌లో, అంటే రెండింట్లోనూ ఒకే డేటాతో, ఉండాలి, యూపీఎస్ కూడా తప్పనిసరి.