భాగస్వామి వీసా పొడిగింపు: ఆరు నెలల జీతమా, ఏడాది లెక్కా, దాచిన సొమ్మా?

"మా వారికి మంచి ఉద్యోగం వచ్చింది అక్కా. జీతం కూడా ఎక్కువే. నా వీసా గడువు ఇంకా ఐదు నెలలు ఉంది. చేరమంటారా, ఆగమంటారా?"

బ్రిటన్‌లో భాగస్వామి వీసా మీద ఉంటున్న అమ్మాయిలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. జీతం పెరిగితే వీసాకు మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఎంత సంపాదిస్తున్నారని మాత్రమే హోమ్ ఆఫీస్, అంటే వీసాలు ఇచ్చే బ్రిటన్ ప్రభుత్వ శాఖ, చూడదు. ఆ సంపాదన ఎన్నాళ్ల నుంచి వస్తోంది, ఎవరి దగ్గర వస్తోంది, దానికి ఏ కాగితం సాక్ష్యం అనీ చూస్తుంది. ఉద్యోగం మారిన రోజే ఆదాయం చూపించే దారి మారిపోతుంది, తేవలసిన కాగితాలూ మారిపోతాయి. అందుకే ఏ దారిన వెళ్లాలో గడువుకు ఏడెనిమిది నెలల ముందే తేల్చుకోమంటాను.

దారుల సంగతి చూసే ముందు, మీరు దాటవలసిన గీత ఎక్కడుందో తెలుసుకోవాలి. 2012 జూలై నుంచి కనీస ఆదాయం ఏడాదికి 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 పౌండ్లయింది. అయితే ఆ తేదీకి ముందే మొదటి భాగస్వామి వీసాకు దరఖాస్తు చేసి, అదే భర్త లేదా అదే భార్యతో ఆ దారిలోనే కొనసాగుతున్నవారికి పొడిగింపులోనూ పాత గీతే. వాళ్ల మీద ఆధారపడి వీసా తీసుకునే పిల్లలుంటే మొదటి బిడ్డకు 3,800, ఆ తర్వాత ఒక్కొక్కరికి 2,400 కలపాలి. ఎంత కలిపినా 29,000 దాటదు. ఇరవై తొమ్మిది వేలు ఎక్కడ చూపిస్తామని నిద్రమానుకున్న ఇద్దరు ముగ్గురిని చూశాను. వాళ్లకు కావలసింది 18,600 మాత్రమే. మీ మొదటి దరఖాస్తు తేదీ ఒకసారి తీసి చూసుకోండి.

ఇంకో ఊరట కూడా ఉంది. ఇండియా నుంచి మొదటిసారి వచ్చేటప్పుడు హైదరాబాదులో మీ జీతం ఎంతైనా అది లెక్కలోకి రాలేదు. పొడిగింపులో మాత్రం బ్రిటన్‌లో మీరు చట్టబద్ధంగా చేసే ఉద్యోగం జీతం కూడా కలుస్తుంది. ఇద్దరిదీ కలిపి గీత దాటితే చాలు. వారానికి మూడు రోజుల పనైనా సరే, దాన్ని తక్కువ చేసి చూడకండి.

ఇక దారులు. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తుంటే అది కేటగిరీ ఎ. నా దృష్టిలో అన్నిటికన్నా నిక్కచ్చి దారి ఇదే. ఆరు నెలల పేస్లిప్పులు, ఆ జీతం పడిన బ్యాంకు ఖాతాకు అవే ఆరు నెలల స్టేట్‌మెంట్లు, యజమాని నుంచి ఒక లేఖ కావాలి. ఆ లేఖలో నాలుగు విషయాలు తప్పకుండా ఉండాలి: ఏడాదికి కోతలకు ముందు జీతం ఎంత, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఈ స్థాయి జీతం ఎప్పటి నుంచి ఇస్తున్నారు, ఉద్యోగం శాశ్వతమా తాత్కాలికమా. మూడోదాన్ని చాలా కంపెనీలు వదిలేస్తాయి. మనమే గుర్తు చేసి రాయించుకోవాలి. నెలజీతం ఉద్యోగమైతే ఆ ఆరు నెలల్లో అతి తక్కువ స్థాయి జీతాన్నే లెక్కకు తీసుకుంటారు. కాబట్టి రెండు నెలల కిందట పెరిగిన జీతం ఈ దారిలో అక్కరకు రాదు. గంటల లెక్కన పనిచేసేవారికైతే ఆరు నెలల సగటు తీస్తారు.

పేస్లిప్పులోని నికర జీతం, బ్యాంకులో పడిన సొమ్ము పెన్నీతో సహా సరిపోవాలి. మా పొడిగింపు అప్పుడు భోజనాల బల్ల మీద ఆరు పేస్లిప్పులు ఒకవైపు, స్టేట్‌మెంట్లు ఒకవైపు పరచుకుని పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాం. నాలుగో నెల దగ్గర ఆగిపోయాం. స్లిప్పులో 1,874.32 ఉంది, బ్యాంకులో 1,931.72 పడింది. తేడా 57.40. అరగంట వెతికితే తెలిసింది, ఆ నెల రైలు ఖర్చులను జీతంతో కలిపి వేశారు. ఎక్కువ పడింది కాబట్టి ఫర్వాలేదని వదిలేయలేదు. యజమాని లేఖలో ఆ సంగతి ఒక వాక్యం రాయించి పెట్టాం. చేతికి నగదు తీసుకునేవారికి ఇక్కడ చిక్కు ఎక్కువ. ఆ డబ్బు ఖాతాలో వేయకపోతే, బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించినంత వరకే లెక్క.

ఇప్పుడు కేటగిరీ బి. ఉద్యోగం మారి ఆరు నెలలు నిండనివారికి ఇది దారి. ఇక్కడ రెండు పరీక్షలు దాటాలి. దరఖాస్తు రోజున ఉన్న జీతం ఏడాది లెక్కన గీత దాటాలి. వెనకటి 12 నెలల్లో నిజంగా సంపాదించిన జీతం, అంటే కోతలకు ముందు మొత్తం, అదీ గీత దాటాలి. రెండో పరీక్షను మరిచిపోయి దెబ్బతిన్నవారే ఎక్కువ.

మొదట్లో చెప్పిన అమ్మాయి లెక్కే తీసుకుందాం. భర్త పాత జీతం 27,500, కొత్తది 34,000. వాళ్లది కొత్త గీత, 29,000. అతను కొత్త ఉద్యోగంలో నాలుగు నెలలు పనిచేశాక దరఖాస్తు చేస్తే, పాత ఎనిమిది నెలలకు 18,333, కొత్త నాలుగు నెలలకు 11,333, మొత్తం 29,666. గట్టెక్కినట్టే. అదే రెండు నెలలకే చేస్తే పాత పది నెలలకు 22,917, కొత్త రెండు నెలలకు 5,667, మొత్తం 28,584. గీతకు 416 పౌండ్లు తక్కువ. జీతం ముప్పై నాలుగు వేలైనా ఆ ఒక్క జీతం మీద వీసా రాదు. రెండు ఉద్యోగాల మధ్య నెల రోజులు ఖాళీ వస్తే లెక్క ఇంకా కిందికి జారుతుంది. కాబట్టి ఆఫర్ లేఖ చేతికి రాగానే సంతకం పెట్టేయకుండా, ఒక కాగితం మీద వెనకటి పన్నెండు నెలలు రాసి, నెలనెలా పడేది కూడి చూడండి.

బి దారిలో కాగితాలూ రెట్టింపు. పన్నెండు నెలల పేస్లిప్పులు, పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు, ఆ స్లిప్పులు ఇచ్చిన ప్రతి యజమాని నుంచి లేఖ. పాత కంపెనీ లేఖను మానేసే వారంలోనే అడిగి తీసుకోండి. ఆరు నెలలు పోయాక ఫోను చేస్తే మిమ్మల్ని ఎరిగిన మేనేజరు అక్కడ ఉండకపోవచ్చు.

రెండూ అందుబాటులో ఉంటే నా ఓటు ఎ కే. బి చెడ్డదని కాదు. లెక్క తేలినవారికి అది పూర్తిగా చెల్లే దారి. కానీ ఎ లో తప్పు జరగడానికి ఆరు చోట్లుంటే, బి లో పన్నెండు.

దాచుకున్న సొమ్ముతో గట్టెక్కవచ్చా? వచ్చు, కానీ దానికి చాలా డబ్బుండాలి. జీతమే లేకుండా సొమ్ము ఒక్కటే చూపాలంటే పాత గీతకు 62,500 పౌండ్లు, కొత్త గీతకు 88,500 కావాలి. లెక్క ఎలాగంటే, గీతకు ఆదాయం ఎంత తక్కువైందో దాన్ని రెండున్నరతో హెచ్చించి, దానికి 16,000 కలపాలి. అంటే మొదటి 16,000 ఉన్నా లేనట్టే. 29,000 కావలసినచోట జీతం 25,000 ఉంటే, నాలుగు వేల లోటుకు పది వేలు, దానికి పదహారు వేలు, మొత్తం 26,000 పౌండ్లు చూపాలి. ఆ సొమ్ము మీ ఇద్దరిలో ఒకరి పేరనో, ఇద్దరి పేరనో ఆరు నెలలు కదలకుండా ఉండాలి. ఆ ఆరు నెలల్లో ఏ రోజు నిల్వ అన్నిటికన్నా తక్కువుందో అదే లెక్క.

ఇండియాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు పనికొస్తాయా అని అడుగుతారు. మీ పేరు మీద ఉండి, అపరాధ వడ్డీ పోయినా సరే వెంటనే తీసుకునే వీలుంటే పనికొస్తాయి. దరఖాస్తు రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మారుస్తారు కాబట్టి సరిగ్గా అంచు దాకా కాకుండా కాస్త ఎక్కువే ఉంచండి. నాన్నగారి ఖాతాలోని డబ్బు లెక్కకు రాదు. ఆయన మీకు బహుమతిగా ఇచ్చి, ఆ సొమ్ము మీ ఖాతాలో ఆరు నెలలుంటే వస్తుంది. అప్పు తెచ్చి వేసినది రాదు. చిట్టీలో నడుస్తున్న వాయిదాలు, లాకరులోని బంగారం నగదు కావు. అమ్మకం మాత్రం వేరు. ఆరు నెలలకు మించి మీ పేరున ఉన్న స్థలమో ఇల్లో అమ్మితే, ఆ డబ్బు ఆరు నెలలు ఖాతాలో ఉండవలసిన పని లేదు. అమ్మకం పత్రాలు, డబ్బు పడిన ఆధారం చాలు.

కాబట్టి సొమ్మును నేను కేటగిరీ ఎ కు ఆసరాగా చూస్తాను, ప్రధాన దారిగా కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టు మీద పనిచేసే ఐటీ వాళ్లు. మనవాళ్లలో వీళ్లు చాలామంది ఉన్నారు. సంపాదన బాగానే ఉంటుంది. కానీ వాటాలు తమ చేతిలోనో, ఇంట్లోవాళ్ల చేతిలోనో ఉన్న చిన్న కంపెనీ నుంచి వచ్చే జీతాన్ని మామూలు ఉద్యోగంలా కేటగిరీ ఎ లో చూపనివ్వరు. కంపెనీ చివరి పూర్తి ఆర్థిక సంవత్సరంలో మీరు తీసుకున్న జీతం, డివిడెండు (లాభంలో వాటా) మాత్రమే లెక్క. పన్ను తక్కువ పడాలని అకౌంటెంటు చెప్పినట్టు 12,570 జీతం, 14,000 డివిడెండు తీసుకుని, మిగతాది కంపెనీలోనే ఉంచారనుకోండి. కంపెనీ ఖాతాలో అరవై వేలున్నా మీ ఆదాయం 26,570 మాత్రమే. పన్ను దగ్గర మిగిలింది వీసా దగ్గర పోతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే ఏడాది ముగిసిపోయాక దాన్ని సరిదిద్దే వీలు లేదు. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగిసి, దరఖాస్తు ఫిబ్రవరిలో పడితే, పది నెలల కిందటే ముగిసిన ఏడాది మీద నిర్ణయం ఆధారపడుతుంది. పైగా ఈ దారిలో దాచిన సొమ్మును ఆదాయానికి కలపనివ్వరు. ఒక ఏడాది తగ్గితే చివరి రెండేళ్ల సగటు చూపే వెసులుబాటు మాత్రం ఉంది. సి.టి.600 (కంపెనీ పన్ను రిటర్ను), కంపెనీ లెక్కలు, కంపెనీ ఖాతా, సొంత ఖాతా స్టేట్‌మెంట్లు, డివిడెండు వోచర్లు, పి60 (ఏడాది జీతం, పన్ను చూపే పత్రం), ఇలా కట్ట మందంగా తయారవుతుంది. వీసా పొడిగింపు పడే ఏడాదికి ముందు ఏడాదే అకౌంటెంటుకు ఆ తేదీ చెప్పండి.

ఇండియాలో ఇంటి అద్దె వస్తుంటే దాన్ని జీతానికి కలపవచ్చు. ఆస్తి పత్రం, అద్దె ఒప్పందం, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. తెలుగులో ఉన్న దస్తావేజుకు అనువాదకుడి వివరాలు, సంతకం, తేదీలతో ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. బ్రిటన్‌లో ఉన్న భాగస్వామికి పి.ఐ.పి. వంటి వైకల్య భృతి వస్తుంటే ఈ కనీస ఆదాయపు గీతే వర్తించదు. ఇల్లు గడవడానికి సరిపడా ఉందని చూపిస్తే చాలు.

ఆదాయం తర్వాత కలిసి ఉంటున్నామని చూపడం. ఉమ్మడి పేరు మీద ఉన్న ఉత్తరాలు మేలా, ఎవరి పేరున వారికి వచ్చినవి మేలా? కౌన్సిల్ ట్యాక్సు (స్థానిక కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను), అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఇద్దరి పేరునా ఉంటే అంతకన్నా బలమైనది లేదు. కానీ విడివిడిగా ఒకే చిరునామాకు వచ్చినవీ చెల్లుతాయి. గడిచిన రెండేళ్లలో విడతలుగా వచ్చిన ఆరు ఉత్తరాలు, కనీసం మూడు వేరువేరు చోట్ల నుంచి ఉండాలి. మన ఇళ్లలో అన్నీ భర్త పేరునే పెట్టడం అలవాటు. రెండున్నరేళ్లు గడిచాక చూస్తే ఆ అమ్మాయి పేరున డాక్టరు దగ్గర నమోదైన ఉత్తరం ఒక్కటే కనిపిస్తుంది. వచ్చిన మొదటి నెలలోనే కౌన్సిల్‌కు ఫోను చేసి బిల్లులో రెండో పేరు చేర్పించండి. మన పేర్లతోనూ ఒక చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేస్లిప్పులో పొడి అక్షరం, బ్యాంకులో పేరు ముందూ వెనకా మారి ఉంటాయి. ఈ మూడూ ఒకరివేనని దరఖాస్తుతో పెట్టే లేఖలో మొదటి పేరాలోనే రాయండి.

దరఖాస్తు గడువు లోపలే పడాలి. పడితే నిర్ణయం వచ్చేదాకా పాత వీసా హక్కులే కొనసాగుతాయి. తాజా పేస్లిప్పు, స్టేట్‌మెంటు, యజమాని లేఖ దరఖాస్తు తేదీకి 28 రోజులలోపువి కావాలి. ఇంగ్లీషు పరీక్ష ఈసారి ఎ2 అనే ప్రాథమిక స్థాయి. దరఖాస్తు రుసుము కాక, ఆరోగ్య సర్‌ఛార్జీయే రెండున్నరేళ్లకు 2,587.50 పౌండ్లు. ఒక కాగితం తక్కువైతే వాళ్లు అడగవచ్చు, కానీ అడగకుండానే తిరస్కరించే వీలూ ఉంది. ఆదాయం ఏ దారిలోనూ తేలకపోతే మానవ హక్కుల ప్రాతిపదికన పదేళ్ల దారి ఒకటుంటుంది. అక్కడ స్థిర నివాసానికి ఐదేళ్లకు బదులు పదేళ్లు.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదీ. ఆమె ఒక బడి వంటగదిలో పూటపని చేస్తోంది, ఏడాదికి తొమ్మిది వేలు. చేరి పది నెలలైంది. భర్త పాత జీతానికి అది కలిపితే 36,500. అంటే కేటగిరీ ఎ ఇప్పటికే చేతిలో ఉంది. కొత్త కంపెనీని చేరే తేదీ వాయిదా వేయమని అడగమన్నాను. వాళ్లు ఒప్పుకున్నారు. దరఖాస్తు చేసి, అదనంగా వెయ్యి పౌండ్లు కట్టి త్వరిత సేవ తీసుకున్నారు. నిర్ణయం చేతికి వచ్చిన మరుసటి రోజు ఆయన పాత ఆఫీసులో రాజీనామా ఇచ్చారు.