సాగరిక: శివారు వరికి పనికొస్తుంది, ఎరువు బస్తాకు బదులు కాదు

ఆకుల మీద కొట్టే ద్రవం ఇఫ్కో సాగరికను ఎరువుగా లెక్కేస్తే దండగే. ఇందులో ఎర్ర, గోధుమ రంగు సముద్రపు నాచుల సారం 28 శాతం. ఎకరాకు 250 మి.లీ. కొడితే చేలో పడే సారం 70–80 గ్రాములు. 50 కిలోల పొటాష్ బస్తాలో 30 కిలోల పోషకం ఉంటుంది. ఇది కొన్నామని బస్తా తగ్గించకండి.

దీని విలువ వేరే చోట ఉంది. ఆటుపోట్ల మధ్య పెరిగే నాచు ఎండనూ ఉప్పునూ తట్టుకోవడానికి మానిటాల్, బీటైన్ లాంటి రక్షణ పదార్థాలు ఒంట్లో దాచుకుంటుంది. దాని జిగురు పదార్థాల ముక్కలు ఆకుకు తగిలితే, తెగులు సోకిందనుకుని మొక్క తన రక్షణను మేల్కొల్పుతుంది. అందుకే కోనసీమలో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు దాళ్వాలో (రబీ వరిలో) వంతుల నీరు అందక ఉప్పు తేలే శివారు చేలకే దీన్ని సిఫారసు చేస్తాం. కాలువ మొదట్లో బలంగా ఉన్న చేనుకు పెద్ద తేడా ఆశించొద్దు.

దోమపోటుకు (సుడిదోమకు) పనిచేస్తుందని అమ్మితే నమ్మకండి. నాచుకు సొంత ఆయుధాలున్న మాట నిజం. అట్లాంటిక్ తీరపు ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ నాచును నత్తలు కొరికితే అది ఫ్లోరోటానిన్లు అనే చేదు పదార్థాలు పెంచుకుంటుంది. నీటిలో కొట్టుకొచ్చిన రసాయన సంకేతంతో పక్క నాచు కూడా ముందే సిద్ధపడుతుంది! ఎంత అద్భుతమైనా ఆ చేదు పనిచేసేది నాచును మేసే నత్త నోట్లో. లీటరుకు రెండున్నర మి.లీ. కలిపిన నీళ్లలో సుడిదోమను ఆపదు.

వాడకం: 20 లీటర్ల ట్యాంకుకు 50 మి.లీ., ఎకరాకు ఐదు ట్యాంకులు. నాటిన 20–25 రోజులకు పిలక దశలో ఒకసారి, చిరుపొట్టకు ముందు ఇంకోసారి. సాయంత్రం కొట్టండి, ఆకు తడి ఎక్కువసేపు నిలుస్తుంది. కంకి పూత మీదున్నప్పుడు ఉదయం పూట అసలు వద్దు.

నాజిల్ మూసుకుపోతే నీళ్లు కారణం కావచ్చు. గోధుమ నాచులోని ఆల్జినేట్ అనే జిగురు బోరు నీటి కాల్షియంతో కలిస్తే గడ్డకడుతుంది. కాలువ నీళ్లు వాడి, గుడ్డలో వడకట్టండి. పురుగుమందుతో కలపాలంటే ముందు గాజు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట చూడండి. తరకలు తేలినా, అడుగున పేరుకున్నా విడివిడిగానే కొట్టాలి.

ఒక మడి మాత్రం కొట్టకుండా వదిలేయండి. కోతప్పుడు రెండింటి ధాన్యం విడిగా తూస్తే మళ్లీ కొనాలో వద్దో తేలిపోతుంది.