సర్కారు బడా, మిషన్ స్కూలా?

ఏప్రిల్ వస్తే మా చర్చి సంఘంలో చాలా ఇళ్లలో పిల్లల్ని ఏ బడిలో వేయాలా అని ఇదే టెన్షన్.

ఖర్చు: సర్కారు బడిలో ఫీజు లేదు. ఆంధ్రాలో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్న భోజనం బడిదే. మిషన్ స్కూల్లో ఫీజు, బస్సు, డొనేషన్ అన్నీ కలిపి లెక్కేయండి. ఆంధ్రాలో 2025లో తల్లికి వందనం అనే ప్రభుత్వ పథకం కింద తల్లుల ఖాతాల్లో పడిన 13,000 రూపాయలు రెండు రకాల బడుల పిల్లలకూ వచ్చాయి. కానీ విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లు మిషన్ స్కూళ్లలాంటి మైనారిటీ స్కూళ్లకు వర్తించవు. ఇది తెలియక ఆశపడేవాళ్లను చూశాను.

విశ్వాసం: సర్కారు బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. అంటే బైబిల్ వాక్యం నేర్పే పని పూర్తిగా మనదే. మిషన్ స్కూల్లో ఉదయం ప్రార్థన ఉంటుంది. అయితే మా చిన్నోడు 23వ కీర్తన నేర్చుకున్నది బడిలో కాదు, రాత్రి అన్నం తిన్నాక వాళ్ల నాయనమ్మ పక్కన పడుకుని. బోర్డు మీద సెయింట్ అని ఉన్నంత మాత్రాన ఆ పని జరిగిపోదండీ.

టీచర్లు: సర్కారులో డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు, కానీ కొన్నిచోట్ల ఒక్కరే రెండు తరగతులు చూస్తారు. మిషన్‌లో క్రమశిక్షణ ఎక్కువ, హోంవర్కూ ఎక్కువే.

ఇంట్లో రోజూ ప్రార్థన జరుగుతూ, దగ్గర్లో టీచర్లు సరిపడా ఉన్న బడి ఉంటే సర్కారు బడికే పంపండి. తల్లిదండ్రులిద్దరూ పొద్దుపోయేదాకా పనిలో ఉండి, అప్పు చేయకుండా ఫీజు కట్టగలిగితే మిషన్ స్కూలు నయం.