ఉప్పు కొలిచే ఉపగ్రహం: ఆకాశంతో సరిచూడాలా, ఆర్గో ఫ్లోట్లతోనా?

సముద్రపు ఉప్పదనం ఒక యూనిట్ (కిలో నీటిలో సుమారు ఒక గ్రాము ఉప్పు) మారితే, ఉపగ్రహానికి చేరే మైక్రోవేవ్ సంకేతంలో తేడా, ఉష్ణోగ్రతగా లెక్కేస్తే, ఒక కెల్విన్ (ఒక డిగ్రీ) కూడా ఉండదు. చల్లటి సముద్రాల్లో ఇంకా తక్కువ. అందుకే పరికరం కొలత కాస్త అటూ ఇటూ జారినా లెక్క తప్పుతుంది. దాన్ని సరిచూడడానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి, చల్లని ఆకాశం. 2011లో ఎగిరిన, ఉప్పు కొలిచే పరికరం అక్వేరియస్‌ను అప్పుడప్పుడూ అంతరిక్షం వైపు తిప్పేవారు. అక్కడి విలువ తెలిసిందే, మారదు. కానీ ఆకాశం 3 కెల్విన్ దగ్గర, సముద్రం 100 కెల్విన్ దగ్గర. ఒక కొస సరిచూస్తే రెండోది సరైనట్టు కాదు.

రెండోది ఆర్గో, అంటే సముద్రంలో తేలుతూ మునుగుతూ కొలిచే యంత్రాల (ఫ్లోట్ల) వ్యవస్థ. దాదాపు 4000 ఫ్లోట్లు పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉప్పును కొలుస్తాయి. చిక్కల్లా పైపొరతోనే: ఉపగ్రహం చూసేది పై సెంటీమీటరు, చాలా ఫ్లోట్లు కొలత ఆపేది అయిదు మీటర్ల దగ్గర. గోదావరి వరదనీరు కలిసే మన బంగాళాఖాతంలో, పెద్ద వాన పడ్డాక, ఆ రెండు పొరలూ ఒకటి కావు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో ఆర్గో డేటా చూసేవారికి ఇది కొత్త కాదు.

అయినా నా ఓటు ఆర్గోకే, విశాలమైన సగటు తీసుకుంటే. వానపడ్డ చోట్లు మాత్రం పక్కన పెట్టాలి. సరిదిద్దడానికి వాడిన ఫ్లోట్లతోనే ఫలితాన్ని మెచ్చుకోకూడదు. కొన్నిటిని ముందే విడిగా ఉంచాలి.