పికప్‌కి ప్రొజెక్టర్ లైట్లు కొనేముందు గోడ మీద గీత ఎటు లేస్తుందో చూడండి

పికప్ నడిపే అన్నదమ్ములకి ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ప్రొజెక్టర్ హెడ్‌లైట్ (లోపల గుండ్రటి లెన్సు ఉండే లైటు) కిట్ చూసి, ఆదివారం ఇంటి ముందే బిగించుకుందాం అనుకుంటుంటే కాస్త ఆగండి. నేను 8,400 రూపాయలు పెట్టి కొన్నాను. ఆ పైన ఇంకో ఐదువేల చిల్లర వదిలింది. తిరుపతి దారిలో భాకరాపేట ఘాట్‌లో తిన్న తిట్లు దీనికి అదనం.

నాది బొలెరో పికప్. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా లోడు, ఎక్కువగా తిరుపతికి, రేటు బాగుంటే చెన్నై కోయంబేడు మార్కెట్‌కి. లోడు ఎక్కించి తాడు కట్టి బయలుదేరేసరికి చీకటి పడుతుంది. బండికి ఉన్నవి మామూలు హెచ్4 హాలోజన్ బల్బులు, 60/55 వాట్లవి. ఎనిమిదేళ్లు నిండబోతున్న బండి కదా, లైట్ల మీది ప్లాస్టిక్ అద్దం పసుపు తిరిగిపోయింది. చలికాలం మంచు పడితే ఎదుట ఆవు నిలబడ్డా దగ్గరికి వచ్చేదాకా తెలియదు. ఆ బాధ పడలేకే కొన్నాను, షోకు కోసం కాదు.

ప్రకటనలో ‘30,000 లూమెన్లు, 200 వాట్లు, ప్లగ్ అండ్ ప్లే, అరగంటలో ఫిట్టింగ్’ అని రాశారు. అక్కడే అనుమానం రావాల్సింది. లూమెన్ అంటే వెలుతురు కొలత. మన హెచ్4 బల్బు డిమ్‌లో ఇచ్చేది సుమారు 1,000 లూమెన్లు, బ్రైట్‌లో 1,650. మరి 30,000 అంటే ముప్పై బల్బులు ఒక్కచోట వెలిగినట్టు! తర్వాత ఎలక్ట్రీషియన్ దగ్గర కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఒక్కో లైటు లాగింది రెండున్నర ఆంపియర్లు. 13.5 వోల్టుల దగ్గర లెక్క కడితే 34 వాట్లు కూడా దాటలేదు. సరే, అబద్ధం ఎంతో కొంత అందరూ చెబుతారు, వెలుతురు బాగుంటే చాలనుకున్నాను.

ఇక బిగింపు. వాళ్ల వీడియోలో హెడ్‌లైట్ అద్దం టిఫిన్ డబ్బా మూత తీసినట్టు వచ్చేస్తుంది. మా బామ్మర్ది హీట్ గన్ తెచ్చాడు. అంచు చుట్టూ వేడి సమంగా తిప్పుతూ గ్లూ మెత్తబడేదాకా ఓపిక పట్టాలి, ఒకేచోట నిలిపితే ప్లాస్టిక్ వంకర పోతుంది. కుడి లైటు నలభై నిమిషాలకి ఊడింది. ఎడమదానికి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పగానే ‘టక్’ మని ఒక చెవి విరిగింది. అదయ్యాక లోపల రిఫ్లెక్టర్ మీద నా వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో తుడిచాను. వెండిలా మెరిసే పూత గుడ్డకే వచ్చేసింది. కొన్ని బండ్ల లైట్లకి అసలు వేడికి మెత్తబడని గట్టి గ్లూ వాడతారని నాకు అప్పుడు తెలియదు. నీ బండికి ఏ గ్లూ ఉంది అని అమ్మినవాడు ఒక్కమాట అడగలేదు. ఎంత సరదా ఉన్నా సరే, బండితో వచ్చిన లైట్లు మాత్రం విప్పకండి. విప్పాల్సివస్తే ఇంకో జత తెచ్చుకుని దాని మీద ప్రయత్నించండి.

ఇందులో నా తప్పూ ఉంది, దాచను. అద్దం మళ్లీ అతికించడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ ట్యూబు వాడాను. పూస్తుంటే ఘాటుగా వెనిగర్ వాసన. ఆ వాసన రకం లైట్లకి పనికిరాదట. ఆరేటప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిరి లోపలే చిక్కుకుని, వారం తిరిగేసరికి అద్దం లోపలివైపు మజ్జిగ పోసినట్టు తెల్లటి పొర పట్టింది. వెనక గాలి ఆడటానికి ఉన్న చిన్న రంధ్రాన్ని కూడా నీళ్లు పోకూడదని అతితెలివితో మూసేశాను. దాంతో చెమ్మ బయటికి పోలేదు. బ్యూటైల్ టేపు అని చుట్టలుగా అమ్ముతారు, అది వాడాల్సింది.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను.

మొదటి ట్రిప్పు. మదనపల్లె దాటి పీలేరు దాకా నాకు చాలా సంతోషంగా ఉంది, ముందర తెల్లగా పాలు పోసినట్టుంది రోడ్డు. ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పర్ కొడుతోంది. నేనేమో డిమ్‌లోనే ఉన్నాను కదా, వీళ్లకేం రోగం అనుకున్నాను. భాకరాపేట ఘాట్‌లో రెండో మూడో మలుపు దగ్గర ఎదురుగా వచ్చిన బస్సు ఏకంగా ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, “ఏమప్పా, అవేం లైట్లప్పా, కండ్లు పోతాండాయి! నలభై మంది ఉండారు బండ్లో” అన్నాడు. ఏమీ మాట్లాడలేకపోయాను. దానికంటే భయపెట్టింది ఇంకొకటి ఉంది. ఎడమవైపు మలుపుల్లో రోడ్డు అంచు, తెల్లగీత, లోయ పక్కన రాళ్లు, ఇవేవీ నాకు కనబడటం లేదు. కుడివైపు కొండ మీద చెట్ల ఆకులు లెక్కపెట్టొచ్చు, ఎడమ పక్క మాత్రం చీకటి.

తెల్లారి ఇంటికొచ్చి, సాయంత్రం బండిని రేషన్ షాపు గోడకి ఎదురుగా 25 అడుగుల దూరంలో నిలబెట్టి లైట్లు వేశాను. అప్పుడు అర్థమైంది.

ప్రొజెక్టర్ లైటు డిమ్‌లో వేస్తే గోడ మీద కత్తితో కోసినట్టు ఒక గీత పడుతుంది. కింద వెలుగు, పైన చీకటి. ఆ గీత తిన్నగా ఉండదు, ఒక పక్క మెట్టులాగా పైకి లేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే కుడిపక్క గీత చదునుగా ఉండాలి, ఎదురొచ్చేవాడి కళ్లలో పడకుండా. ఎడమపక్క పైకి లేవాలి, రోడ్డు అంచు, నడిచేవాళ్లు, బోర్డులు కనబడేలా. నా కిట్‌లో ఇది తిరగబడింది. మెట్టు కుడివైపు లేస్తోంది. అంటే అది చైనా, అమెరికా లాంటి కుడివైపు నడిపే దేశాల రోడ్లకి చేసిన సరుకు. దాన్ని ఎంత బాగా బిగించినా మన రోడ్డు మీద ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్మే వెలుగు, మనకి చీకటి అంచు తప్పవు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే “స్క్రూలు తిప్పి కిందికి దించుకోండి సార్” అన్నాడు. దించితే ఎదుటివాడు బతికిపోతాడు, నాకేమో ఇరవై అడుగుల తర్వాత రోడ్డే ఉండదు.

కొనేముందే తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం ఆమోదం పొందిన లైటు మీద వృత్తంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. ఎడమవైపు నడిపే దేశాలకి చేసినదైతే దానితోపాటు ఒక బాణం ఉంటుంది. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే ఆ బాణం మన కుడిచేతివైపు చూపాలి. రెండు వైపులా మొన ఉంటే ఎక్కడైనా వాడుకోవచ్చు. బాణం లేకపోతే అది కుడివైపు నడిపేవాళ్లది. నా కిట్ మీద బాణం సంగతి అటుంచి, అక్షరం కూడా లేదు. స్టిక్కర్ మీద డ్రాగన్ బొమ్మ మాత్రం బాగుంది.

పికప్ వాళ్లం ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఖాళీ బండి మీద లైటు సెట్ చేసి మురిసిపోతాం. వెనక ముప్పై కిలోల క్రేట్లు యాభై పడితే వెనక స్ప్రింగు పట్టీలు కుంగి బండి ముక్కు పైకి లేస్తుంది. ముక్కు ఒక్క డిగ్రీ లేచిందంటే 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు మూడడుగులు పైకి పోతుంది. మామూలు బల్బు వెలుగు చెదిరి ఉంటుంది కాబట్టి కొంత చెల్లింది, ప్రొజెక్టర్ గీత అయితే నేరుగా ఎదుటివాడి ముఖాన కొడుతుంది. కాబట్టి ఏ లైటైనా లోడు మీదే సెట్ చేయండి. 25 అడుగుల దూరంలో గోడ మీద గీత లైటు మధ్య ఎత్తుకంటే రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి.

మూడో ట్రిప్పుకి కుడి లైటు బ్రైట్‌లోనే ఇరుక్కుపోయింది. ఈ లైట్ల లోపల ఒక చిన్న రేకు ఉంటుంది, బ్రైట్ వేస్తే అది కిందికి పడి వెలుగుని పైకి వదులుతుంది, డిమ్ వేస్తే మళ్లీ లేస్తుంది. మన రోడ్ల కుదుపుకి అది వంగి పట్టేసింది. ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఇంజను ఆపి, లైట్లు వేసి, డిప్పర్ కొట్టి వినండి. రెండు వైపుల నుంచీ ‘టిక్’ మని వినబడాలి. ఒకవైపే వినబడితే రెండోది పోయినట్టే.

కిట్‌తో ఇచ్చిన వైరింగ్ సంగతి చెబితే మీకే కోపం వస్తుంది. ఒకరోజు బోనెట్ ఎత్తితే కాలిన ప్లాస్టిక్ కంపు. రిలే (లైట్లకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు పెట్టె) కింద కనెక్టర్ కరిగి, పిన్నులు బొగ్గులా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఆ వైరు తొక్క ఒలిచి బ్లేడుతో గీకి చూపించాడు. పైకి రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. ఆ వెంట్రుకంత వైరుకి 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారు. ఫ్యూజు ఉండేదే వైరుని కాపాడటానికి. వైరు తట్టుకునేదానికంటే పెద్ద ఫ్యూజు పెడితే ముందు కాలేది వైరే. “నీ అదృష్టం బాగుండి డీజిల్ పైపు దాకా రాలేదు” అన్నాడాయన, పైసా తీసుకోకుండా ఆ వైరింగంతా పీకి చెత్తబుట్టలో వేస్తూ.

ఈలోగా ఎఫ్.సి. (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు వచ్చింది. రవాణా బండ్లకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్.సి. చేయించాలని మీకు తెలిసిందే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు చూడగానే, పాతవి బిగించి తీసుకురా అని వెనక్కి పంపేశారు. నేను వాదించలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో ఇష్టమొచ్చిన మార్పులు ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానా రాయకుండా వదిలేసినందుకు దండం పెట్టి వచ్చాను.

అప్పుడు కొత్త జత లైట్లు, మామూలువే, కొని బిగించుకున్నాను. అదే ఎలక్ట్రీషియన్ అప్పుడొక మాటన్నాడు: “నీ పాత బల్బుల దగ్గర వోల్టేజి ఎప్పుడైనా చూసుకున్నావా?” చూస్తే బ్యాటరీ దగ్గర 13.6 ఉంది, బల్బు దగ్గరికొచ్చేసరికి 11.9. ఏళ్లనాటి వైరు, తుప్పు పట్టిన ఎర్తు. హాలోజన్ బల్బుకి ఒకటిన్నర వోల్టు తగ్గితే వెలుతురులో మూడోవంతు పోతుందట. మంచి రాగి వైరుతో రిలే వేసి, ఎర్తు గీకి బిగించాడు. మొత్తం 900 రూపాయలు. కొత్త అద్దాలు, పూర్తి వోల్టేజి కలిసి ఇప్పుడు ఘాట్‌లో ఎడమ అంచు బాగానే కనబడుతోంది. పాత అద్దం పసుపు తిరిగినవాళ్లు దాన్ని పాలిష్ చేయించి, ఈ వైరింగ్ పని చేయించి చూడండి, కిట్లవైపు పోకముందే.

డబ్బు సంగతి. కిట్ వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు ‘డబ్బా విప్పారు కాబట్టి రిటర్న్ కుదరదు, సర్టిఫైడ్ మెకానిక్ బిగించలేదు కాబట్టి వారంటీ వర్తించదు’ అని మెసేజ్ పెట్టారు. ప్రకటనలో మాత్రం ఎవరైనా అరగంటలో బిగించుకోవచ్చని ఉంది, ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది. మీరు కూడా ఏది కొన్నా ముందు ప్రకటన స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) వచ్చింది.

ఆ తర్వాతే దిగొచ్చి, ‘ఇండియా మోడల్’ మారుస్తాం, కొరియర్‌కి 600 పంపండి అన్నారు. పంపుతాను, ముందు ఆ ఇండియా మోడల్‌ని గోడకి ఎదురుగా వెలిగించి ఒక్క ఫోటో తీసి పెట్టండి, గీత ఎటు లేస్తుందో చూస్తాను అన్నాను. బ్లూ టిక్కులు పడి నేటికి పదకొండు రోజులు.