గానుగ సున్నం గోడలు: కొన్ని వర్షాకాలాలు గడిచాక

మా ఇంటికి వచ్చినవాళ్ళంతా ముందు వీధి గుమ్మం దగ్గర ఆగిపోతారు. పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే అడితిలో దొరికిన పాత టేకు ద్వారబంధం అది. పైకమ్మి మీద గజలక్ష్మి చెక్కడంతో నిజంగానే బావుంటుంది. ఫోటోలు తీసుకుంటారు, ఎంతకి కొన్నారని అడుగుతారు. దాన్ని ఆనుకునే ఉన్న గోడని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ ఇంటి మీద పెట్టిన డబ్బులో గోడలకి పెట్టిందే నాకు అన్నిటికంటే గిట్టుబాటైంది.

మాది కోనసీమలో తాతల నాటి మండువా ఇల్లు. 2019లో బాగుచేయించాం. పెంకు దింపి, పుచ్చిన వాసాలు మార్చి మళ్ళీ నేయించడం, వసారాలో బేతంచెర్ల నాపరాళ్ళు పరిపించడం లాంటివి అందరూ చేయించేవే. గోడలకి మాత్రం, మధ్యలో ఎవరెవరో వేసిన సిమెంటు మాసికలన్నీ గీకించేసి గానుగ సున్నం పూయించాం. సున్నం, గోదావరి ఇసుక కలిపి గానుగలో నూరించారు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు అందులో పోశారు. పై పూతకి, ఆల్చిప్పల్లాంటి గుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నం. పూత తడి ఆరకుండా రోజుల తరబడి నీళ్ళు చల్లుతూ తాపీతో పామి పామి నునుపు తేల్చారు.

మా వైపు తవ్విన చోటల్లా నీళ్ళే. వానలు పట్టుకుంటే నెలల తరబడి గోడ కింది భాగం నెమ్ముతోనే ఉంటుంది. ఇదివరకు శ్రావణ మాసంలో బీరువా తీస్తే పట్టుచీరల మడతల్లో బూజు, గదంతా ముక్కిపోయిన వాసన. సున్నం పూయించాక మొదటి వర్షాకాలం వెళ్ళిపోయే దాకా నాకు తట్టనే లేదు, ఆ వాసన రాలేదని. గోడ తడి పీల్చుకోవడం మానలేదు. పీల్చుకున్నది పీల్చుకున్నట్టు బయటికి వదిలేస్తోంది, అంతే. ఇంకో సంగతి చూసి మరీ ఆశ్చర్యపోయాను. దేవుడి గది బయటి గోడకి వెంట్రుక మందాన రెండు నెర్రెలు వచ్చాయి. పెన్సిలుతో పక్కన గీత పెట్టి ఉంచాను. రెండు వర్షాకాలాలు పోయాక చూస్తే గీత ఉంది, నెర్రె లేదు. కాల్చిన సున్నపురాయి గోడెక్కాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటూ నెమ్మదిగా మళ్ళీ రాయవుతుంది. వాన చెమ్మకి కరిగిన కొంచెం సున్నం ఆ నెర్రెలోనే గడ్డకట్టి పూడ్చేసిందన్నమాట. సిమెంటు గోడ ఈ పని చేయగా నేను చూడలేదు.

ఇక ఏడిపించిన గోడ సంగతి. పని ఆఖర్లో మేం ఊళ్ళో లేని వారంలో, పని ఒప్పుకున్న కాంట్రాక్టరు పడమటింటి గోడకి కింద మూడడుగుల మేర సిమెంటు పూయించి పైన సున్నం కలిపేశాడు. "కింద గట్టిగా ఉంటుందండీ, కడుక్కోవచ్చు కూడా" అన్నాడు. గానుగ సున్నం పనికి ఒప్పుకుని, అడగకుండా ఇలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మరుసటి వేసవికల్లా సిమెంటు అంచుకి సరిగ్గా పైన, తాడు పట్టి గీసినట్టు గోడ పొడుగునా తెల్లటి చౌడు తేలింది. వేలితో రాస్తే ఉప్పు పిండిలా రాలేది. తరవాత సున్నం బుడగలా లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోపలి ఇటుక గోరుతో గీకితే ఎర్రటి పొడి అయిపోతోంది. కింద సిమెంటు మాత్రం చెక్కు చెదరలేదు. కాంట్రాక్టరు వచ్చి చూసి, సున్నం నాసిరకమని తేల్చేసి వెళ్ళాడు.

పక్క ఊరి గుడి ప్రాకారం పని చేసిన పెద్ద తాపీమేస్త్రీ గారిని పిలిపించాం. ఆయన ఊడిన చోటు చూడనే లేదు. కింద సిమెంటు మీద వేలి కణుపుతో కొట్టి విని, "చెమ్మకి దారి మూసేశారండీ. అదేమన్నా ఊరుకుంటుందా, పైనుంచి పోయింది" అన్నారు. భూమిలోంచి ఎక్కే నీళ్ళలో ఉప్పుంటుంది. నీరు ఆవిరయ్యే చోటే ఆ ఉప్పు గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకని పొడి చేస్తుంది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో, పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటు తీయించి మళ్ళీ సున్నమే పూయించారు. అంత పెద్ద కట్టడాలకైనా మా పడమటిల్లుకైనా జబ్బు ఇదే.

సిమెంటు మొత్తం ఉలితో చెక్కించారు. చౌడుని నీళ్ళతో కడగనివ్వలేదు, కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుందట. పొడి బ్రష్షుతో దులిపించి, గోడని ఓ వేసవంతా బోసిగా వదిలేశారు. మళ్ళీ పూసే రోజున ఇసుక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని చూశారు. మొదటి బండి తిరిగి పంపేశారు, ఉప్పగా ఉందని. ఇప్పుడా గోడ నిమ్మళంగా ఉంది. అయితే మొదట్లో నేను అందరికీ చెప్పినట్టు "పూయించి మర్చిపోవచ్చు" అన్న మాట నిజం కాదు. అడుగున జానెడు మేర పూత కొన్నేళ్ళకోసారి తీసి వేయించుకోవాల్సిందే. ఉప్పంతా అదే మోస్తుంది కాబట్టి పోయేదీ అదే.

చిన్న చిన్న చిరాకులూ ఉన్నాయి. వెల్ల వేసిన గోడకి ఆనుకుంటే చొక్కాకి తెలుపు అంటుతుంది. పొయ్యి వెనక పడిన పసుపు మరక పోదు. మేకు సుత్తితో కొడితే చుట్టూ పెచ్చు లేస్తుంది, డ్రిల్లుతో మెల్లగా తొలుచుకోవాలి.

ద్వారబంధం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కలప ఎప్పుడో ఆరిపోయి ఉంది కాబట్టి వానల్లో తలుపులు బిగుసుకోవు. ఏటికొప్పాక లక్క పిడులు సొరుగులకి పెట్టించాం. అంకుడు కర్ర నునుపు, ఆ పసుపూ ఎరుపూ చూస్తుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ కరోనా రోజుల్లో శానిటైజరు చేతులతోనే తీసీ తీసీ మందుల సొరుగు పిడి మెరుపంతా పోయింది. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది. ఇప్పుడు ఆ ఒక్క సొరుగుకి ఇత్తడి పిడి ఉంది.

మళ్ళీ కట్టించాల్సి వస్తే ఈ ఇంటికి మళ్ళీ గానుగ సున్నమే పూయిస్తాను. కానీ మాది మందపాటి పాత ఇటుక గోడల ఇల్లు. పెరట్లో సున్నం నానబెట్టుకునే జాగా ఉంది, పూత ఆరేదాకా కనిపెట్టుకుని ఉండే మనుషులం ఉన్నాం, మేస్త్రీ గారు కబురంపితే వచ్చే దూరంలో ఉన్నారు. కాకినాడలో స్లాబు ఇల్లు కట్టుకుంటున్న మా అన్నయ్య తనూ పూయించుకోవచ్చా అని అడిగితే గట్టిగా అవుననలేకపోయాను. పడకగదిలో ఒక్క గోడకి పూయించి ఓ వర్షాకాలం చూడమన్నాను. స్నానాలగదికి మాత్రం వద్దన్నాను, మా ఇంట్లోనూ అక్కడ టైల్సే.