వేప పుల్ల, హోమియో గుళికలు, లవంగ నూనె: పదకొండేళ్ళు వాడిన తర్వాత

2013 అక్టోబరులో నా ఎడమ దవడ కింది వరుసలో ఒక దవడ పన్ను చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమనడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఈ పదకొండేళ్ళలో పళ్ళ కోసం నేను వాడి చూడని సహజ వైద్యం దాదాపు లేదు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. పుట్టిల్లు సరిహద్దుకు అవతల టెక్కలి. మా వీధిలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా నడుస్తాయి. రెండు భాషల ఇరుగుపొరుగు వారి నుంచి రెండు రకాల చిట్కాలు నాకు అందాయి. వాటిలో దేనిని ఎంతకాలం వాడానో, అది ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పళ్ళ నొప్పితో రాత్రంతా చెంప పట్టుకుని కూర్చున్నవారికి ఇది ఉపయోగపడాలన్నదే నా కోరిక.

ముందుగా హోమియోపతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కాలం నమ్మినదీ, ఎక్కువ నష్టపోయినదీ అక్కడే. పన్ను తొలిచే యంత్రం చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. అందుకని మా ఊళ్ళోనే ఉన్న ఒక హోమియో వైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన చాలా ఓపికగా నా మాట విన్నారు, అరగంటకు పైగా ప్రశ్నలు అడిగారు. అంత శ్రద్ధగా నన్ను అడిగిన వైద్యులు అంతకుముందు లేరు. మెర్క్ సాల్ 30, క్రియోజోటం 30 గుళికలు ఇచ్చి, నొప్పి ఎక్కువైనప్పుడు దూదితో అద్దుకోవడానికి ప్లాంటాగో మదర్ టింక్చరు (ఆ మొక్కను ఆల్కహాలులో నానబెట్టి తీసిన, పలచన చేయని సారం) రాశారు. తర్వాతి ఏడాది హెక్లా లావా కూడా చేరింది. అది ఐస్‌లాండులోని హెక్లా అగ్నిపర్వతపు బూడిద నుంచి తయారుచేసే మందు.

మందులతో పాటు పథ్యం కూడా చెప్పారు. కాఫీ, కర్పూరం, పచ్చి ఉల్లి, లవంగం, పుదీనా వాసన ఉన్నవేవీ తగలకూడదు, తగిలితే మందు పనిచేయదు అన్నారు. పుదీనా వాసన లేని టూత్‌పేస్టు ఏదో నేను వెతకలేదు. అప్పటిదాకా వాడుతున్న పేస్టును పక్కన పడేసి, వేపాకు పొడి, ఉప్పు కలిపి వేలితో తోముకోవడం మొదలుపెట్టాను. ఈ ఒక్క మార్పు ఎంత పెద్దదో నాకు మూడేళ్ళ వరకు అర్థం కాలేదు.

మొదటి మూడు వారాల్లో నొప్పి తగ్గింది, రెండు నెలల్లో పూర్తిగా పోయింది. నా సంతోషానికి హద్దు లేదు. కనిపించిన వారందరికీ ఆ గుళికల గురించి చెప్పాను. మా పక్కింటి కోడలిని నేనే స్వయంగా తీసుకెళ్ళాను. పన్నులోని నరం వాచినప్పుడు నొప్పి వస్తుందనీ, కొన్నాళ్ళకు ఆ నరం చచ్చిపోతే నొప్పి దానంతటదే ఆగిపోతుందనీ, అప్పుడు లోపలి కుళ్ళు ఎవరికీ తెలియకుండా వేరు చివరిదాకా దిగుతుందనీ అప్పుడు నాకు తెలియదు. నొప్పి పోవడాన్ని నేను నయం కావడం అనుకున్నాను.

2016 వేసవిలో ఒక తెల్లవారుజామున లేచేసరికి ఎడమ చెంప కన్ను కిందిదాకా వాచి ఉంది. జ్వరం, నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరవలేకపోవడం, మింగితే గొంతులో పోటు. అప్పటికీ నేను గుళికలే వేసుకుంటూ ఒక రోజు వృథా చేశాను. మరునాడు మా వారు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఎముక తినేసిన నల్లని మచ్చ స్పష్టంగా కనిపించింది. చీము తీసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, వాపు తగ్గాక పన్ను తీసేశారు. పైభాగం చిగురు లోపలిదాకా విరిగిపోవడంతో రూట్ కెనాల్ చేసి నిలబెట్టే అవకాశం కూడా మిగలలేదు. దవడ కింద వాపు గొంతు వైపు పాకితే ఊపిరికే ప్రమాదమని అక్కడి దంతవైద్యురాలు చెప్పినప్పుడు మా వారి ముఖం పాలిపోయింది. ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేకపోతే ఏ ఇంటి వైద్యంతోనూ ఒక్క పూట కూడా గడపవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

తర్వాత నేను కూర్చుని లెక్క చూసుకున్నాను. ఆ గుళికల పేరు పక్కన ఉన్న 30 అంటే ఒక వంతు మందును తొంభై తొమ్మిది వంతుల ద్రావకంలో కలిపి, అందులో ఒక వంతు తీసి మళ్ళీ తొంభై తొమ్మిది వంతుల్లో కలుపుతూ, ఇలా ముప్పై సార్లు చేయడం. ఒకటి పక్కన అరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యంత పలచన అది. పన్నెండో సారికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలి ఉండే అవకాశం దాదాపు పోతుందని రసాయనశాస్త్రం చదివిన మా అబ్బాయి కాగితం మీద వేసి చూపించాడు. మిగిలేది చక్కెర గుళిక. రోజుకు నాలుగు సార్లు, పుచ్చిన పన్ను ఉన్న నోట్లో, నాలుక కింద చప్పరించిన చక్కెర అది. పరిమాణం చిన్నదే అయినా ఈ సంగతి తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. హోమియోపతి సమర్థంగా పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఏ వ్యాధి విషయంలోనూ లేదని ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. నా పదకొండేళ్ళ అనుభవంలో దానికి విరుద్ధమైనది ఒక్కటీ లేదు. ప్లాంటాగో టింక్చరు మాత్రం అద్దిన చోట కొన్ని నిమిషాలు చల్లగా, తిమ్మిరిగా ఉండేది. అందులోని ఆల్కహాలు వల్లనే కావచ్చునని నా అభిప్రాయం.

అయినా నా పన్ను పోవడానికి గుళికలను తప్పుపట్టను. దాన్ని పోగొట్టినది పథ్యం పేరుతో నేను పేస్టును, అందులోని ఫ్లోరైడును మానేయడం. నోటిలోని సూక్ష్మక్రిములు తీపిని తిని ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం వల్ల నోటి పి.హెచ్. (ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే కిందికి దిగినప్పుడు పన్ను పైపొరలోని ఖనిజాలు కరుగుతాయి. లాలాజలం వాటిని తిరిగి పేరుస్తుంటే ఫ్లోరైడు ఆ పేర్పును గట్టి పరుస్తుంది. ఫ్లోరైడు టూత్‌పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. నల్లగొండను చూసిన తెలుగువారికీ, నువాపడాను చూసిన ఒడియావారికీ ఫ్లోరైడు అన్న పేరు వింటేనే భయం కలగడం సహజం. కానీ అక్కడి బాధకు కారణం ఏళ్ళ తరబడి తాగిన, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్ళు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు తాగే నీటికి సంబంధించినది. బఠానీ గింజంత పేస్టు వేసుకుని ఉమ్మేయడం దానితో సమానం కాదు. పుదీనా లేని పేస్టులు దుకాణాల్లో దొరుకుతాయి. హోమియో మందులు మానలేనివారు కనీసం పెట్టె మీద ఫ్లోరైడు ఉందో లేదో చదివి కొనుక్కోవాలి.

పళ్ళు వచ్చే పసిపిల్లలకు ఇచ్చే హోమియో మాత్రల విషయంలో నా మాట మరింత గట్టిగా ఉంటుంది. అలాంటి కొన్ని మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క మోతాదు ఒక్కో మాత్రకు ఒక్కోలా ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించి, 2017లో పరీక్షల ద్వారా ధ్రువపరిచింది. మా మనవరాలికి శుభ్రమైన తడిగుడ్డ నమలడానికి ఇచ్చాము, చిగుళ్ళ మీద వేలితో రుద్దాము, అంతే.

ఇక పుల్ల. పుట్టింట్లో పందుంపుల్ల అనేవాళ్ళం, ఇక్కడ దాంతకాఠి అంటారు. సంత రోజున కొండ మీది నుంచి దిగే సవర స్త్రీలు సాల పుల్లలు కట్టలు కట్టి తెస్తారు. మా పెరట్లో వేపచెట్టు ఉంది. ఏటి గట్టున కానుగ చెట్లు ఉన్నాయి. ఈ మూడింటినీ నేను ఏళ్ళ తరబడి వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. పుల్ల పన్నెండు అంగుళుల (వేలి వెడల్పుల) పొడవు, చిటికెన వేలి లావు ఉండాలని సుశ్రుతుడు చెప్పాడు. పుల్లలకు పనికివచ్చే చెట్లలో చరకుడు కానుగను, జిల్లేడును పేర్కొన్నాడు. జిల్లేడు పాలు కళ్ళకు ప్రమాదకరం కాబట్టి దాని జోలికి నేను పోలేదు. వేప పుల్ల చేదు, వగరు నోటిలో నీరూరిస్తాయి, ఆ ఊరిన లాలాజలమే సగం పని చేస్తుంది. సాల పుల్ల కాస్త మెత్తన, కుంచె బాగా విచ్చుకుంటుంది, చేదు పడనివారికి నప్పుతుంది. కానుగ పుల్ల కుంచె నాకు అన్నిటికంటే నచ్చింది, కానీ తాజాగా విరిచినది కావాలి. ఎండితే పీచు సూదుల్లా గుచ్చుకుంటుంది.

పుల్ల వాడేవారు ఎక్కువగా చేసే పొరపాటు నేనూ చేశాను. బలంగా, అడ్డంగా రుద్దడం వల్ల నాలుగేళ్ళకు కుడివైపు రెండు పళ్ళ మొదట్లో, చిగురు ఆనే చోట, గాడి పడింది. అక్కడ ఇప్పటికీ చల్లనిది తగిలితే జివ్వుమంటుంది. కుంచెను నమిలి మెత్తబడిన తర్వాతే వాడాలి, చిగురు నుంచి పన్ను కొస వైపు మెల్లగా తోయాలి, అడ్డంగా లాగకూడదు. దవడ పళ్ళ లోపలి వైపుకు, చివరి పన్ను వెనక్కి పుల్ల చేరదు, ఎంత ప్రయత్నించినా చేరలేదు. నా పళ్ళ మీద గార పేరుకున్నది సరిగ్గా ఆ చోట్లలోనే. పాచిగా ఉన్నంతవరకే పుల్లైనా బ్రష్షైనా తీయగలవు. గట్టిపడి గార అయిన తర్వాత దంతవైద్యుల పనిముట్టుకు తప్ప మరి దేనికీ అది లొంగదు. చివరగా పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవడం మాత్రం మా అమ్మమ్మ నేర్పినది. ఇంతకంటే మంచి నాలుక బద్దను నేను కొనలేదు.

లవంగ నూనె నిజంగా పనిచేస్తుంది. అందులోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడుతో కలిపి దంతవైద్యులు తాత్కాలికంగా పన్ను పూడ్చేది దానితోనే, ఆ గదిలో అడుగు పెట్టగానే తగిలే వాసన అదే. అయితే ఒకసారి దూదిని ముంచి రాత్రంతా చిగురు మీద ఉంచుకుని తెల్లారేసరికి పొర ఊడి పుండు తెచ్చుకున్నాను. రెండు చుక్కలను చెంచాడు కొబ్బరి నూనెలో కలిపి, పుచ్చిన గుంతలో మాత్రమే, పది నిమిషాలు. వైద్యుల దగ్గరకు చేరేదాకా ఒక రాత్రిని దాటించడానికే అది.

నువ్వుల నూనె పుక్కిలింతను పద్నాలుగు నెలలు చేశాను. నోటి నిండా పట్టి కదలకుండా ఉంచడాన్ని గండూషమనీ, పుక్కిలించడాన్ని కవళమనీ ఆయుర్వేదం అంటుంది. చిగుళ్ళ నుంచి రక్తం తగ్గిన మాట నిజం. కానీ అదే రోజుల్లో రాత్రిపూట బ్రష్షు వాడడం కూడా మొదలుపెట్టాను కాబట్టి ఆ మేలు నూనెదని చెప్పడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. ఉప్పునీళ్ళు, పన్ను తీసిన మరునాటి నుంచి, గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా, చాలా హాయినిచ్చాయి. త్రిఫల కషాయం నోటి దుర్వాసనకు పరవాలేదు. బొగ్గు పొడి, ఇటుక పొడి వద్దు. అవి పళ్ళను తెల్లగా చేస్తున్నట్టు కనిపించేది పైపొరను అరగదీయడం వల్ల.

గుడాకు గురించి రాయకుండా ముగించలేను. ఈ జిల్లాల్లో ఎందరో ఆడవాళ్ళు దానిని పళ్ళ మందు అనుకుంటారు, మా అత్తగారు కూడా అలాగే అనుకున్నారు. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే ముద్ద అది. ముప్పై ఏళ్ళు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రుద్దారు. రుద్దకపోతే చేతులు వణికేవి, కడుపు కదిలేది కాదు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని; అంగిలి మీద ఆమెకు వచ్చిన తెల్లని పొర నాకు ఇంకా గుర్తుంది. అత్తగారి కింది పెదవి లోపల అలాంటి మచ్చే కనిపించినప్పుడు నేను శ్రీకాకుళం తీసుకెళ్ళాను. క్యాన్సరుగా మారగల మచ్చ అని, మానితే వెనక్కి మళ్ళే వీలుందని చెప్పారు. "అది మందే కదమ్మా, మందు మానమంటారేమిటి?" అని ఆవిడ నన్ను అడిగారు. మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ చేతికి వేప పుల్ల ఇచ్చి, ఆవిడతో పాటు నేనూ పెరట్లో కూర్చుని తోముకున్నాను. మచ్చ పలచబడింది. వేప పుల్ల మా ఇంట్లో చేసిన అతి పెద్ద మేలు ఇది.

ఇప్పుడు నా అలవాటు: పొద్దున్న పుల్ల, రాత్రి మెత్తని బ్రష్షుతో రెండు నిమిషాలు ఫ్లోరైడు పేస్టు, ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏమీ లేదు, ఏడాదికొకసారి గార తీయించుకోవడం. 2016 తర్వాత కొత్తగా ఒక్క పన్నే పుచ్చింది, అది చిన్నగా ఉండగానే పూడ్పించుకున్నాను. యంత్రం చప్పుడుకు భయపడ్డాను గానీ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. పన్ను తీసిన ఖాళీని మాత్రం అలాగే వదిలేశాను. ఎదురుగా ఆనేది లేకపోవడంతో పై పన్ను ఆ ఖాళీలోకి మెల్లగా దిగుతోందని పోయిన నెల చూపించుకున్నప్పుడు తెలిసింది. కట్టుడు పన్ను పెట్టించుకోవాలా, ఇంప్లాంటు వేయించుకోవాలా అన్నది తేల్చుకోవడానికి దసరా తర్వాత మళ్ళీ వెళ్తున్నాను.